మార్జిన్‌లో రాసింది

రాత్రి రెండున్నర. డార్ట్‌మత్ ఆసుపత్రి, నాలుగో అంతస్తు.
అద్దం అవతల మంచు అడ్డంగా కురుస్తోంది,
రేవులో ఏదో ఓడ మూలుగుతోంది.
పద్దెనిమిదో పడక: ఒడెస్సా కోలీ, ఎనభై మూడేళ్లు,
విరిగిన తుంటి,
ఎవరేం అడిగినా "బాగానే ఉన్నాను" అనే అలవాటు.

ఆ అలవాటును నమ్మి
నిన్న రాత్రి నేనే రాశాను
చర్మం చెక్కుచెదరలేదు, అని.
కింద మోరీన్ గాలంట్, అంటే నేను,
ఇరవై రెండేళ్ల సర్వీసు అరగదీసిన పొట్టి సంతకం.

నాకు నేర్పిన పాఠం ఇది.
కందిందేమో చూడు. వేలితో నొక్కు.
తెల్లబడి మళ్లీ రంగొస్తే భయం లేదు.
ఎరుపు కదలకపోతే
లోపల పుండుకి పునాది పడిందని అర్థం.
పుస్తకంలో ఫొటోల్లో మడమలన్నీ మీగడ రంగు,
ఎరుపు దాచమన్నా దాగదు.

ఒడెస్సా మడమ ఆ పుస్తకంలో లేదు.

నొక్కాను. తెల్లబడలేదు. ఎర్రగానూ లేదు.
సరే అనుకుని దుప్పటి కప్పాను.
అది నిన్న.

ఈ రాత్రి నిద్రలో ఆమె కాలు విసురుగా లాక్కుంది.
చేతొడుగు తీసేశాను.
సబ్బులకు మొద్దుబారిన అరచెయ్యి కాదు,
చేతిని తిరగేసి
మెటికల వెనక పలచటి చర్మాన్ని ఆనించాను.
ముందు కుడి మడమ: చల్లగా, బిగువుగా.
తర్వాత ఎడమది:
పొయ్యి మీంచి దించి కాసేపైన గిన్నెలా వెచ్చగా.
నొక్కితే వేలు పొంగిన పిండిలోకి దిగినట్టు దిగి
తిరిగి రావడానికి తటపటాయించింది.
లైటు వంచితే అప్పుడు కనిపించింది,
చుట్టుపక్కల కన్నా ఒక్క పిసరు ముదురు,
ఊదా వైపు ఒరిగిన నీడ,
లోపలి నుంచి ఎవరో సాగదీస్తున్నట్టు మెరుపు.

ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి.
"దొరికిందా?" అంది.
ఎప్పట్నుంచి అన్నాను.
"మంగళవారం నుంచి మంట.
రోజూ చూసి బాగుందంటున్నారుగా,
చదువుకున్నవాళ్లు, నాకేం తెలుసు అనుకున్నా."
ఆ "నాకేం తెలుసు"లో
వినయం చెంచాడు కూడా లేదు.

నలభై క్రిస్మస్‌లు
ఈస్ట్ ప్రెస్టన్ వెనక అడవిలో ఫర్ కొమ్మలు కోసి
గుండ్రంగా దండలు చుట్టి
హాలిఫాక్స్ సంతలో అమ్మిన మనిషి.
చచ్చిన కొమ్మ కూడా చాన్నాళ్లు పచ్చగానే ఉంటుందట.
"కళ్లకి రెండూ ఒకటే. వంచితే తెలుస్తుంది.
మా అమ్మ చీకట్లోనే కోయించేది."

ఆ పైన నా చెయ్యి లాక్కుని
లైటు కిందికి తిప్పింది.
"ఇది చలి పగులు కాదు. కడిగి కడిగి వచ్చింది.
ఈ వేలికి ఉంగరం తీసి ఏడాదైందా?
పడుకునేముందు పంది కొవ్వు రాసుకో.
చెట్ల జిగురు అంటితే మేం అదే రాసేవాళ్లం."
ఏడాది మీద రెండు నెలలు. చెప్పలేదు.

పిక్క కింద దిండు పెట్టి
మడమ దేనికీ తగలకుండా గాల్లో తేల్చాను.
డాక్టర్‌ని నిద్ర లేపాను.
"ఎర్రగా ఉందా?"
"లేదు. వేడిగా ఉంది."
ఫోన్‌లో కూడా కాసేపు మంచు కురిసింది.

ఫారంలో రెండే గడులు: ఎరుపు ఉంది, ఎరుపు లేదు.
రెండూ ఖాళీగా వదిలి మార్జిన్‌లో రాశాను.
ఎడమ మడమ, కుడిదానికన్నా వేడి, మెత్తన,
రంగు చుట్టూ ఉన్న చర్మం కన్నా ముదురు.
మంగళవారం నుంచి మంట. మేం అడగలేదు.
నిన్నటి వరుస కొట్టేయకూడదు, అది నియమం.
దాని పక్కన తేదీ, సమయం వేసి
తప్పు అని రాసి
ఈసారి పేరు పూర్తిగా రాశాను,
చేతికి కొత్తగా అనిపించింది.

తెల్లారి ఫెర్రీలో
వేళ్లు ముడుచుకుని కూచున్నాను,
పంది కొవ్వు ఈ వేళప్పుడు
ఏ కొట్లో దొరుకుతుందా అని.